తవుడు వేసిన చెయ్యి

ఆ ఇంట్లో మనుషులు నలుగురు, టూత్ బ్రష్షులు ఐదు. ఐదోది చేపల తొట్టెది.

రోజూ పొద్దున్న పాలు పోసే మనిషి వెళ్ళగానే స్టెల్లా ఆ ఐదో బ్రష్షు పట్టుకుని ముందుగదిలో స్టూలెక్కేది. సబ్బు తగలకుండా మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఉప్పునీళ్ళలోకి చెయ్యి దించి, రాళ్ళమీద జుట్టులా పెరిగిన పచ్చటి నాచుని మెల్లగా తోమేది. ఊడొచ్చినదాన్ని వేలికి చుట్టి మగ్గులో వేసేది. తర్వాత నోటుబుక్కులో ఆ రోజు తేదీ వేసి, నాచు ఎంత వచ్చిందో, నీళ్ళెలా ఉన్నాయో రాసేది.

"ఏలూరు మొత్తంమీద రాళ్ళకి పళ్ళు తోమే ఇల్లు మనదొక్కటే," అంది తల్లి రాహేలు, పిండి గరిటెతోనే వంటింట్లోంచి వచ్చి. "నిన్న ఎదురింటి సూర్యకాంతంగారు తొంగిచూసి, 'ఇదేంటండీ, మాగాయ జాడీలా బూజు పట్టింది' అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది."

"బూజు కాదమ్మా, నాచు," అంది స్టెల్లా, తనకి మాత్రమే వినపడేటట్టు.

స్టెల్లా గొంతు ఎప్పుడూ అంతే. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరి రెండు నెలలు కావస్తోంది. హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల పలికినా వినపడక, క్లాసులో కూర్చునే సగం రోజులు ఆబ్సెంటు వేయించుకుంది.

తండ్రి మధుబాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి తొట్టె ముందు నిలబడ్డాడు. పదిహేనేళ్ళుగా ఆయన ఏలూరులో రంగుచేపల షాపు నడుపుతున్నాడు. అన్నీ మంచినీళ్ళ చేపలే. పిల్లల డాక్టరు భాస్కరరావుగారు కొత్త ఆస్పత్రి కట్టిస్తూ, రోగులు కూర్చునే హాల్లో గోడంత తొట్టె పెట్టిస్తానన్నారు. అయితే అది సముద్రపు తొట్టె కావాలి. పగడాలూ, నారింజరంగు చేపలూ ఉండాలి. ముందు మీరు ఒకటి పెట్టి నిలబెట్టి చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. అందుకని మధుబాబు చెన్నై నుంచి ఉప్పు, రాళ్ళు తెప్పించి ఇంట్లోనే చిన్నది పెట్టాడు. రెండు చేపలు, ఆరు నత్తలు, ఒక చారల రొయ్య, వేళ్ళు విప్పినట్టు విచ్చుకునే ఒక మెత్తటి పగడం. ఇవీ అందులో ఉన్నవి.

మొదటి రెండు వారాలు రాళ్ళమీద గోధుమరంగు దుమ్ములాంటిది పేరుకుంది. తర్వాత పచ్చ నాచు మొదలైంది.

"కొత్త తొట్టెకి ఇది పిల్లలకి తట్టు వచ్చినట్టే," అన్నాడు మధుబాబు. ఇంటర్నెట్ సెంటర్లో తీయించుకున్న కాగితాలు ఆయన జేబులో మడతలు పడి ఉండేవి. "వస్తుంది, ఉంటుంది, పోతుంది. మందులు వెయ్యకూడదు. లైటు తక్కువ వెయ్యాలి, మేత తక్కువ వెయ్యాలి, వారానికోసారి కొన్ని నీళ్ళు మార్చాలి, చేత్తో తీసెయ్యాలి. మిగతాది నత్తలు చూసుకుంటాయి."

"మరి పోవట్లేదేంటండీ?" అంది రాహేలు.

"అదే తెలియట్లేదు. నీళ్ళలోకి ఎక్కణ్ణుంచో ఎరువు వస్తోంది. ఉప్పులోంచా, రాళ్ళలోంచా?" ఆయన తల గోక్కున్నాడు. "ఆదివారం డాక్టరుగారు వస్తామన్నారు. ఇలా చూస్తే ఏమంటారో!"

అరుగుమీద పేపరు పట్టుకుని కూర్చున్న యేసుదాసు ఈ మాటలన్నీ విన్నాడు. ఏదో చెప్పబోయి, మళ్ళీ పేపర్లోకి తల వంచేసుకున్నాడు.

యేసుదాసు మధుబాబు తండ్రి. ముప్ఫై ఏళ్ళు కొల్లేట్లో ఎవరెవరి చేపల చెరువులకో మేత వేసిన మనిషి. తవుడు నింపిన సంచులకి కన్నాలు పొడిచి, చెరువులో పాతిన కర్రలకి కట్టి వచ్చేవాడు. ఆయన పడవ చప్పుడుకే చేపలు పైకి వచ్చేవని చెప్పుకునేవారు. మొన్న వేసవిలో సర్కారు వాళ్ళు గట్లు కొట్టేశాక చెరువులు పోయాయి, పని పోయింది. కొడుకు వెళ్ళి తీసుకొచ్చాడు. పదో తరగతి దాకా తాత దగ్గరే ఉండి పల్లెటూరి బళ్ళో చదివిన స్టెల్లా కూడా అప్పుడే ఏలూరు వచ్చేసింది. కన్న తండ్రితో మాట్లాడాలంటే పదిసార్లు ఆలోచించే ఆ పిల్ల తాతతో మాత్రం గలగలా మాట్లాడేది.

బుధవారం సాయంత్రం అరుగుమీద తాత పక్కన కూర్చుని అడిగింది.

"తాతయ్యా, చెరువులో నాచు ముదిరితే మీరేం చేసేవారు?"

"మైలుతుత్తం," అన్నాడు ముసలాయన, ముఖం విప్పారి. ఈ ఇంటికి వచ్చాక చెరువు సంగతి ఎవరూ అడగలేదు. "నీలంగా పటికబెల్లం ముక్కల్లా ఉంటుందే, అది. గోనెగుడ్డలో మూటకట్టి, పడవ వెనక వేలాడదీసి చెరువంతా ఈడ్చేవాళ్ళం. మూడోనాటికి నాచు తెల్లబడి చచ్చేది."

"చేపలకేం కాదా?"

"మోతాదు ఎరిగినవాడు వేస్తే ఏమీ కాదు. ముప్ఫై ఏళ్ళలో నా చేతిమీద ఒక్క చేప తేలిందేమో మీ సూరమ్మత్తనడుగు!"

నత్తల సంగతి ఆయన చెప్పలేదు. చెరువులో నత్తలు బతికాయా చచ్చాయా అని చూసేవాళ్ళెవరు? స్టెల్లా కూడా అడగలేదు.

గురువారం కాలేజీ ఒంటిపూటే. నాన్న షాపులో ఉన్నాడు. అమ్మ చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళింది. తాతయ్య వెనకగదిలో కునుకు తీస్తున్నాడు. బురదలో కాళ్ళు ఒరిస్తే రాసుకోడానికి ఆయన ట్రంకుపెట్టెలో దాచుకున్న మైలుతుత్తం సీసా ఎక్కడుంటుందో స్టెల్లాకి తెలుసు. అందులోంచి శనగగింజంత ముక్క తీసింది. చెరువుకి మూటెడైతే తొట్టెకి గింజ చాలనుకుంది. చేతిరుమాల్లో కట్టి, దారంతో నీళ్ళలోకి వేలాడదీసి అక్కడే నిలబడింది. ముక్క కరిగిపోయాక రుమాలు తీసేసింది. ఆదివారానికల్లా రాళ్ళు శుభ్రంగా కనిపిస్తాయి, నాన్న ముఖం వెలుగుతుంది, తనొక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు. అంతే ఆ పిల్ల కోరుకున్నది.

నోటుబుక్కులో మాత్రం, 'గురువారం. నాచు ఒక మగ్గు. నీళ్ళు మామూలే' అని రాసింది.

శుక్రవారం పొద్దున్నకి నాచు పాలిపోయింది. మధుబాబు అద్దానికి ముక్కు ఆనించి చూసి కేకేశాడు.

"రాహేలూ, ఇలా రా! పోతోంది చూడు! ఓపిక పట్టమన్నానా లేదా?" అని స్టెల్లా తలమీద చెయ్యి వేశాడు. "అంతా నీ చలవే అమ్మా. రోజూ తోమావు కదా."

తండ్రి తలమీద చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో! చెబితే అప్పుడే చెప్పాల్సింది. స్టెల్లా నవ్వి ఊరుకుంది.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి రెండు నత్తలు అద్దంమీంచి జారి ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. పగడం వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుని పిడికిలిలా అయిపోయింది. శనివారం పొద్దున్న చూస్తే ఆరు నత్తలూ చచ్చాయి. రొయ్య రాయి పక్కన ఒత్తిగిలి ఉంది. చేపలు రెండూ మూలకి చేరి మొప్పలు ఎగరేస్తున్నాయి.

మధుబాబు చేపల్ని తీసి వేరే బకెట్లోకి మార్చాడు.

"ఇందులో ఎవరైనా ఏమైనా వేశారా?"

"నాకేం పని? ఆ ఛాయలకే వెళ్ళను నేను," అంది రాహేలు.

మధుబాబు తండ్రి వంక చూశాడు. స్టెల్లా వంక చూడలేదు. ఆ పిల్లని అడగాలని ఆయనకి తోచనేలేదు.

యేసుదాసు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేనే వేశాన్రా, అబ్బాయ్."

స్టెల్లా చటుక్కున తలెత్తింది.

"తవుడు వేశాను," అన్నాడు ముసలాయన. "రోజూ మీరు లేవకముందు చిటికెడు. రెండు రోజులకోసారి రవ్వంత మేతేంట్రా, అవి నోళ్ళు తెరిచి నా వంకే చూస్తుంటే! ఊరుకోలేకపోయాను."

అప్పుడు మధుబాబు మాట్లాడినదంతా మాట్లాడకుండా ఉండాల్సింది.

"తవుడా! నెల్లాళ్ళుగా ఎరువు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక జుట్టు పీక్కుంటున్నాను. నీళ్ళు కుళ్ళబెట్టింది నువ్వా? చెరువులు పోయినా నీకు ఆ చెరువు బుద్ధి పోలేదా?" ఎప్పుడూ 'మీరు' అనే కొడుకు ఆ రోజు 'నువ్వు' అన్నాడు. "పెద్ద మేత వేసే చెయ్యి! ఆ చెయ్యి పడింది, అన్నీ చచ్చాయి. చాలా సంతోషం!"

"ఏవండీ, ఏంటా మాటలు? మావయ్యగారితోనా?" అంది రాహేలు.

"నన్నేమీ అడక్కు!"

యేసుదాసు కుడిచెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకున్నాడు. ఎవరో తమ వస్తువు చేతిలో మర్చిపోయి వెళ్ళినట్టు అలా చూస్తూ ఉండిపోయాడు. స్టెల్లా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తాతయ్యా, మీది కాదు, నాది అని నాలుకమీదికి వచ్చింది. తండ్రి ముఖం చూసింది. మాట మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం డాక్టరుగారు వచ్చి, బకెట్లో రెండు చేపల్నీ, తొట్టెలో ఖాళీ రాళ్ళనీ చూసి, "మరోసారి చూద్దాంలెండి మధుబాబుగారూ" అని మర్యాదగా వెళ్ళిపోయారు. సోమవారం పొద్దున్న యేసుదాసు బట్టలు సంచిలో సర్దుకుని, "సూరమ్మని చూసి చాన్నాళ్ళయింది," అన్నాడు. సూరమ్మ ఆయన పెద్ద కూతురు. గణపవరం పక్క పల్లెలో ఉంటుంది. ఆమె భర్త అక్కడొక చెరువుకి కాపలా.

బస్టాండు దాకా సంచి మోసింది స్టెల్లా.

"నాన్నమీద కోపం పెట్టుకోకే. వాడి బాధ వాడిది," అన్నాడు తాత, బస్సు మెట్టుమీద కాలు పెట్టి. "మూగజీవాలమ్మా. ఆకలేస్తుందని పెట్టి చంపేశాను."

బస్సు కదిలింది. స్టెల్లా నోరు తెరిచే ఉంది.

ఆ తర్వాత రోజులు గడవడమైతే గడిచాయి. మధుబాబు తొట్టె వెనకవరండాలోకి మార్చేశాడు. భోజనాల దగ్గర ప్రార్థన చేస్తూ, "మా అపరాధములను క్షమించుము" అనే చోట స్టెల్లా గొంతు అసలే వచ్చేది కాదు. ఎలాగూ వినపడని గొంతు కాబట్టి ఎవరూ గమనించలేదు.

మూడోవారంలో సూరమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్ మధూ, నాన్నకి ఏం మందు పెట్టి పంపావురా?" అంది. ఆమె గొంతు ఫోన్లోంచి గదంతా వినపడుతోంది. "చెరువు గట్టెక్కమంటే ఎక్కడు. మీ బావకి జ్వరం వచ్చింది, ఇవాళొక్క రోజు తవుడు సంచి కట్టి రమ్మంటే, చేతులు వెనక్కి దాచుకుని నా చెయ్యి మంచిది కాదు అంటాడేంట్రా! కంచంలో చెయ్యి పెట్టడానికి కూడా ఆలోచిస్తున్నాడు. నేను కలిపి నోట్లో పెట్టాలా ఏంటి?"

మధుబాబు ఫోన్ పెట్టేశాడు. "ఆదివారం వెళ్ళి తీసుకొద్దాం," అన్నాడు.

"నేనూ వస్తాను," అంది స్టెల్లా. ఇద్దరూ తల తిప్పి చూశారు. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

ఆదివారం ఆరాధన అవగానే తండ్రీ కూతుళ్ళు బయల్దేరారు. వాళ్ళు వెళ్ళేసరికి యేసుదాసు చెరువుకి వీపు పెట్టి నులకమంచంమీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. స్టెల్లాని చూసి నవ్వాడు గాని, ఎప్పటిలా తల నిమరడానికి చెయ్యి చాపలేదు.

సూరమ్మ మంచినీళ్ళు ఇచ్చి తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "తీరిందా నాయనా? ఇరవై రోజులకి గుర్తొచ్చాడు తండ్రి!"

"ఊరుకో అక్కా." మధుబాబు తండ్రి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. "నాన్నా, ఇంటికి రండి. ఆ రోజు నోటికొచ్చినట్టు వాగాను. పోనీలెండి, మీరు తెలియక వేశారు. చచ్చినవి ఎలాగూ చచ్చాయి. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు."

"నీ మంచితనంరా," అన్నాడు యేసుదాసు, తల వంచుకుని. "చెయ్యరాని పని చేశాను. క్షమించానన్నావు, అది చాలు."

తాతయ్య తల వంచడం స్టెల్లా చూసింది. చెయ్యని తప్పుకి ఆయన క్షమాపణ పుచ్చుకుంటున్నాడు. పుచ్చుకుని, అది చాలంటున్నాడు.

"కాదు," అంది స్టెల్లా.

ముగ్గురూ చూశారు.

"తాతయ్య వేసినదానికి చావలేదు నాన్నా. నేను వేశాను. మైలుతుత్తం. తాతయ్య పెట్టెలోంచి తీసి, గురువారం మధ్యాహ్నం, రుమాల్లో కట్టి..." నిలబడిన చోటే కూలబడి ఏడ్చింది.

మధుబాబు చెంబు కింద పెట్టేశాడు. "మైలుతుత్తమా! శుక్రవారానికల్లా నాచు అందుకేనా..." ఆయన ముఖంలో కోపం రాబోయి ఎక్కడో ఆగిపోయింది. "నా జేబులో కాగితాల్లో ఉంది. అది పడితే నత్తలు, రొయ్యలు, పగడాలు ఒక్కటీ మిగలదని, రాళ్ళు కూడా ఇంక దేనికీ పనికిరావని ఉంది. తవుడుకి నాచు పెరుగుతుంది గాని ఒక్క రోజులో అన్నీ చావవు. నాకు తట్టాలి కదా! నాన్నని తిట్టడం తేలికైపోయి, ఆలోచించడమే మానేశాను."

"ఆగరా నువ్వు," అన్నాడు యేసుదాసు. "అమ్మా, నిజం చెప్పు. నా తవుడుకి కాదా?"

"కాదు తాతయ్యా."

"ఒక్కటి కూడా కాదా? ఆ రొయ్య?"

"ఒక్కటి కూడా కాదు."

యేసుదాసు కళ్ళు మూసుకున్నాడు. కన్నీళ్ళు గడ్డంలోకి జారాయి. తుడుచుకోలేదు. "ఇరవై రోజులుగా ఈ చెయ్యి నాది కాదనుకున్నానే పిల్లా," అన్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి మనవరాలిని చూశాడు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"నాన్నంటే భయం, సరే. బస్టాండులో మనిద్దరమే ఉన్నాం కదమ్మా. నేనంటే కూడా భయమేనా?"

స్టెల్లా చిన్నప్పుడు బళ్ళో పలక పగలగొట్టినా, తోటిపిల్ల రిబ్బను దొంగిలించినా పరుగెత్తుకొచ్చి చెప్పుకున్నది ఈయనకే. ఆయన ఒక్కసారైనా కసురుకున్నది లేదు. ఆయనంటే భయం కాదు. ఆయన కళ్ళలో తను మంచిపిల్ల. ఆ పేరు పోతుందని ఆయన్ని పాపిగా ఉండనిచ్చింది. అది చెప్పడానికి మాటలు తెలియలేదు. ఆయన మోకాలిమీద తల పెట్టేసింది.

చాలాసేపటికి ఆ తలమీద చెయ్యి పడింది.

"నువ్వూ నేనూ ఒకటేనే. నేను అడక్కుండా పెట్టాను, నువ్వు అడక్కుండా వేశావు," అన్నాడు. "ఒరేయ్ మధూ, నీ ఇంట్లో ఒక మనిషి ఒకమాట అడగాలంటే ఇంత దాక్కోవాలట్రా?"

మధుబాబు తల దించుకున్నాడు. "తప్పు నాదే నాన్నా. మీరు ఆ రోజు పేపరు పట్టుకుని ఏదో చెప్పబోయి ఆగిపోవడం నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను."

"చాల్చాలు, ఏడుపులు కడుపు నింపవు. లేవండి," అంది సూరమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. కొర్రమీను పులుసు పోసింది. యేసుదాసు ప్రార్థన చేసి, అన్నంలో చెయ్యి పెట్టి తనే కలుపుకుని తిన్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. అది చూస్తూ స్టెల్లా తినలేకపోయింది. క్షమించడానికి ఆయనకి భోజనం చేసినంత సేపు కూడా పట్టలేదు. ఆ ఇరవై రోజులూ ఆయన తినకుండా వదిలేసిన అన్నాలు ఎవరు తెచ్చి పెడతారు?

సాయంత్రం ముగ్గురూ తాడేపల్లిగూడెం వచ్చి పాసింజరు ఎక్కారు. కిటికీ పక్క సీటు తాతకిచ్చి స్టెల్లా పక్కనే కూర్చుంది. భీమడోలు దాటేసరికి ఆయనకి కునుకు పట్టింది. తల మెల్లగా మనవరాలి భుజంమీదికి ఒరిగింది.

"నేను కూర్చుంటాను, ఇటు రా. నీకు బరువు," అన్నాడు మధుబాబు ఎదురు సీట్లోంచి.

"వద్దు నాన్నా," అంది స్టెల్లా. రైలు చప్పుడులో కూడా ఆ మాట ఆయనకి వినపడింది.

దెందులూరులో ఏదో ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇవ్వడానికి బండి చాలాసేపు ఆగిపోయింది. జనం దిగి అటూ ఇటూ తిరుగుతున్నారు. స్టెల్లా భుజం తిమ్మిరెక్కింది, తర్వాత నొప్పెట్టింది, తర్వాత ఉందో లేదో తెలియకుండా పోయింది. ఏలూరు వచ్చేదాకా ఆ పిల్ల కదల్లేదు.